రౌటర్‌కి సర్టిఫికెట్ ఉందా అని కౌంటర్ దగ్గర అడిగేదెవరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

తెనాలిలో మాది చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. ఛార్జర్లు, వైఫై రౌటర్లు, కేబుల్ నెట్ వాళ్లు ఇళ్లలో బిగించే ఓఎన్‌టీ డబ్బాలు అమ్ముతాం. మొన్న వచ్చిన లాట్‌లో తొమ్మిది రౌటర్ల మీద ఎక్కడా టీఈసీ (టెలికాం శాఖ కింద పనిచేసే టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్) గుర్తు లేదు, పెట్టె మీదా లేదు. నిజం చెప్పాలంటే దానికోసం నేను వెతకడం కూడా అదే మొదటిసారి, అదీ ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అడిగితే. అంతకుముందు అలాంటివి ఎన్ని అమ్మానో నాకే తెలియదు.

రూలేమీ కొత్తది కాదు. టెలికాం పరికరం ఇక్కడ తయారుచేసినా, బయటినుంచి తెచ్చినా అమ్మకముందే పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలని 2017 సెప్టెంబరులోనే టెలిగ్రాఫ్ నిబంధనల్లో చేర్చారు. వాయిదాల మీద వాయిదాలు పడి మొదటి విడత 2019 అక్టోబరులో, రెండోది 2020 అక్టోబరులో మొదలయ్యాయి. ఫైబర్ నెట్ ఓఎన్‌టీలు ఈ రెండో విడతలోవే, రౌటర్లు ఆ తర్వాత చేరాయి. సర్టిఫికెట్ ఇచ్చేది ఢిల్లీలోని టీఈసీ. పరీక్షలు అది గుర్తించిన ల్యాబుల్లో జరగాలి, విదేశీ కంపెనీ అయితే మన దేశంలో ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. కాగితం మీద అంతా బాగుంది.

ఇదంతా ఆఫీసు తతంగమే కదా అనుకునేవాళ్లకు ఒక మాట. ఆ పరీక్షల్లో షాక్ కొట్టకుండా, వేడెక్కి కాలిపోకుండా ఉంటుందా అని చూస్తారు, కరెంటులో ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరితే తట్టుకుంటుందా అని చూస్తారు. మా వైపు వానాకాలం ఒక్క ఉరుముల రాత్రి గడిస్తే చాలు, పొద్దున్నే షాపు షట్టరు ఎత్తేసరికి పోయిన డబ్బాలు పట్టుకుని నలుగురు నిలబడి ఉంటారు. (నేరుగా పిడుగు పడితే ఏ సర్టిఫికెట్టూ కాపాడదు, అది వేరే సంగతి.) ఇక హ్యాకింగ్ నుంచి భద్రత. 2016లో మిరాయ్ అనే వైరస్ కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరి, వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పి అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను ఆపేసింది. అది దూరడానికి పెద్ద తెలివేం అక్కర్లేకపోయింది, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే చాలింది. మా దగ్గరికి రిపేరుకొచ్చే రౌటర్లలో చాలావాటికి ఈరోజుకీ పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే.

నా బాధల్లా ఏమిటంటే, ఈ రూలు తయారీదారు దగ్గర మొదలై దిగుమతిదారు దగ్గరే ఆగిపోతోంది. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటరు, నాలాంటి చిల్లర దుకాణం, కేబుల్ ఆపరేటరు, చివరికి కొనేవాడు, వీళ్లలో ఎవరికీ దీని గురించి చెప్పినవాళ్లు లేరు. "అన్నా, తక్కువలో ఒకటి చూడు" అని అడిగే కస్టమరుకి నేను గుర్తు లేని డబ్బా ఇస్తే ఆయనకి తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు. టీఈసీ పోర్టల్‌లో సర్టిఫికెట్ల వివరాలు ఉన్నాయి గానీ, కౌంటర్ ముందు ముగ్గురు నిలబడి ఉండగా డబ్బా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మోడల్ నంబరు చదివి వెతికే తీరిక ఎవరికుంది?

మొబైల్ ఫోనుకైతే కేవైఎం (నో యువర్ మొబైల్) అని కొట్టి, పక్కన ఆ ఫోనుకి గుర్తింపుగా ఉండే ఐఎంఈఐ నంబరు వేసి 14422కి మెసేజ్ పెడితే దాని వివరాలు వచ్చేస్తాయి. అదే రౌటరుతో వచ్చే అడాప్టరు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఇచ్చే ఆర్ నంబరు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది. అంటే ప్లగ్గు సంగతి తెలుసుకోవచ్చు, దానికి తగిలించే డబ్బా సంగతికి మాత్రం తంటాలు పడాలి! అదే 14422కి రౌటరు మోడల్ పేరు పంపితే సర్టిఫికెట్ ఉందనో లేదనో జవాబు వచ్చేలా చేయడం టెలికాం శాఖకు అంత కష్టమా? దాంతోపాటు డిస్ట్రిబ్యూటరు మాకిచ్చే బిల్లులో ప్రతి మోడల్ ఎదురుగా సర్టిఫికెట్ నంబరు వేయాలని ఒక్క లైను రూలు పెడితే చాలు, నంబరు లేని సరుకు మేమే దించుకోం.

చిన్న తయారీదారులకు ఈ పరీక్షల ఖర్చు భారమే, కాదనను. టీఈసీ, బీఐఎస్, వైర్‌లెస్‌కి మళ్లీ వేరే అనుమతి, ఒక్క డబ్బాకి మూడు గుమ్మాలు తొక్కాలి. వాటిని ఒకచోటికి తెస్తే మంచిదే. కానీ అది అయ్యేదాకా గుర్తు లేని సరుకు మామీదికి తోలేయడం ఏం న్యాయం?

ఆ తొమ్మిది రౌటర్లూ ఇంకా మా అటక మీదే ఉన్నాయి. వెనక్కి తీసుకోమని అడిగినప్పటినుంచి డిస్ట్రిబ్యూటరు ఫోన్ ఎత్తడం లేదు. అమ్మితే తప్పు, అమ్మకపోతే నష్టం నాది. ఇలాంటి సరుకు గురించి నాలాంటివాడు ఎవరికి ఫిర్యాదు చేయాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా తెలుగులో చెప్తే బాగుంటుంది.

– ఒక దుకాణదారు, తెనాలి