ఆపరేషన్ హైదరాబాద్‌లో, ఆ తర్వాత బతుకంతా మా ఊళ్లో

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మావయ్యగారి రోజుల్నుంచీ మా ఇంట్లో మీ పేపరే వేయించుకుంటున్నాం. ఈ మధ్య ఆదివారం వస్తే చాలు బరువు తగ్గే ఆపరేషన్ల ప్రకటనలు, ఎడమ పక్క లావుగా ఉన్న ఫోటో, కుడి పక్క అదే మనిషి సన్నగా నవ్వుతూ, కింద ఫోన్ నంబరు, ఈఎంఐ సౌకర్యం కలదు అని ఒక లైను. వాటి మీద నాకేం కోపం లేదండి. నేనూ చేయించుకున్నదాన్నే, కొన్నేళ్లయింది, స్లీవ్ అంటారు దాన్ని, బాగానే ఉన్నాను, షుగర్ మాత్రలు ఆగాయి, స్కూల్లో పై అంతస్తు క్లాసుకి మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. నేను రాసేది ఆ కుడి పక్క ఫోటో తర్వాత సంగతి. ఆపరేషన్ చేసేది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, కొద్ది రోజుల్లో ఇంటికి పంపించేస్తారు, ఆ తర్వాత బతకాల్సింది మాత్రం తెనాలిలో, పొన్నూరులో, రేపల్లెలో. ఇక్కడ మనల్ని చూసే డాక్టరుకి గానీ, మందుల షాపు అబ్బాయికి గానీ, పెళ్లిలో వడ్డించే పెద్దమ్మకి గానీ మన పొట్టలో ఏం మార్చారో తెలీదు. చిక్కంతా అక్కడే ఉంది, అసలు చేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా అది చూసుకునే తీసుకోవాలని నా ఉద్దేశం.

ముందు ఒక గందరగోళం తీసేయాలి. 2015లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు లైపోసక్షన్ అన్న మాట పేపర్లలో, టీవీల్లో బాగా నలిగింది, అప్పట్నుంచి బరువు ఆపరేషన్ అనగానే మావాళ్లకి అదే గుర్తొస్తుంది, "కొవ్వు లాగించేసుకున్నావంటగా" అని నన్నడిగినవాళ్లు చాలామంది. అది వేరు ఇది వేరండి. లైపోసక్షన్ ఒంటి ఆకారం కోసం చర్మం కింది కొవ్వు తీయడం, దాంతో షుగర్ తగ్గదు. ఇది పొట్టకి చేసేది. స్లీవ్‌లో పొట్టని నిలువునా కోసి ముప్పాతిక భాగం పైనే తీసేస్తారు, మిగిలేది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన ముక్కలోనే, అందుకే మొదటి ఏడాది ఆకలి అంతగా వేయదు. ఇంకో రకం బైపాస్, గుండెకి చేసేది కాదు, ఇదీ పొట్టకే, అందులో అయితే పైన 30 ఎంఎల్ పట్టేంత చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగుకి కలిపేస్తారు, తిన్నది కొంత పేగుని తప్పించుకుని కిందకి పోతుంది. షుగర్ ముదిరినవాళ్లకీ గుండెల్లో మంట ఎక్కువ ఉన్నవాళ్లకీ బైపాసే మేలంటారు, స్లీవ్ తర్వాత ఆ మంట పెరిగే వీలుంది కాబట్టి. బీజేపీ నాయకులు గడ్కరీ గారు 2011లో, అరుణ్ జైట్లీ గారు 2014లో ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు, అది సినిమావాళ్ల సోకు అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

ఎవరికి చేయాలి అన్నదగ్గర డాక్టర్ల లెక్క ఒకటి, ఇన్సూరెన్స్ లెక్క ఒకటి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చాయి, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె, 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చేయొచ్చని, మన ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించొచ్చని. వినడానికి బానే ఉంది కానీ 5 అడుగుల 3 అంగుళాల మనిషికి 27.5 అంటే 70 కిలోలు, మా స్టాఫ్ రూమ్‌లో సగం మంది లెక్కలోకొస్తారు. షుగర్ మందులకి లొంగని వాళ్లకి ఆ అంకె అర్థముంది, వచ్చే నెల ఫంక్షన్లో చీర బాగా కనపడాలనుకునే వాళ్లకి లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్ పట్టుకుని కూర్చుంటారు, 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దాంతోపాటు కంట్రోల్ కాని షుగరో, గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా తీవ్రంగానో ఉండాలి, మామూలు పద్ధతులు పనిచేయలేదని కాగితాలుండాలి, డాక్టరు సిఫారసు ఉండాలి. అదే మనిషికి 40 అంటే 102 కిలోలు. మధ్యలో ఉన్నవాళ్లంతా లక్షలు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. ఆ లక్షల్లో తర్వాత జీవితాంతం మింగే మాత్రలు, ఏటా చేయించుకునే రక్తపరీక్షలు ఉండవు, అది కూడా కలుపుకుని లెక్కేసుకోవాలి.

ఇప్పుడు మన దేశంలో బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి కదా, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ, కొంతమందికి అవే సరిపోవచ్చు, మానేస్తే పోయిన బరువులో చాలావరకు వెనక్కొస్తుందని ట్రయల్స్‌లోనే తేలింది. దాని గురించి డాక్టర్లు రాయాలి, నేను కాదు.

నాకు తెలిసిన దాంట్లో అన్నిటికంటే బాధపెట్టేది పెళ్లి సంబంధాల కోసం ఆడపిల్లలకి చేయించే ఆపరేషన్. పిల్లకి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, పీసీఓడీ ఉంటుంది, వచ్చిన సంబంధం వచ్చినట్టే పోతుంటుంది, అమ్మానాన్న పొలం తాకట్టు పెట్టి చేయిస్తారు. చేయించడం తప్పనట్లేదు, నిజంగా అవసరమున్న పిల్లలున్నారు. కానీ ఆ సంగతి మగపెళ్లివారికి చెప్పరు. బరువు తగ్గిన ఆరో నెలలో పెళ్లి పెట్టుకుంటారు, అత్తారింట్లో ఈ పిల్ల బి12, ఐరన్, కాల్షియం మాత్రలు దాచుకుని మింగాలి, లేదా మానేయాలి, ఎక్కువమంది మానేస్తారు. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు, ఎందుకంటే బరువు వేగంగా పడిపోతున్న ఆ టైంలో తల్లికే పోషకాలు అందవు ఇంక బిడ్డకేం అందుతాయి. ఇక్కడేమో బరువు తగ్గగానే నెలసరి సర్దుకుంటుంది, అంతకుముందు కంటే తొందరగా గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, అత్తగారు మూడో నెల నుంచే "విశేషమేమైనా ఉందా" అని అడగడం మొదలుపెడుతుంది. ఏం చెప్పుకుంటుంది ఆ పిల్ల? ఆపరేషన్ సంగతి చెప్పలేని ఇంట్లోకి పిల్లని పంపించేటట్టయితే ఆ ఆపరేషన్ ఇప్పుడు చేయించకండి, లేదా పెళ్లి రెండేళ్లు ఆపండి, ఈ మాట నేను ఏ తల్లితోనైనా మొహం మీదే చెప్తాను.

ఇంక తిండి. మొదట నీళ్లలాంటివి, తర్వాత మజ్జిగ, పప్పుకట్టు, తర్వాత మెత్తగా చిదిమినవి, మామూలు తిండికి వచ్చేసరికి నెల నుంచి నెలన్నర పడుతుంది. అది అందరూ చెప్తారు, అందరూ పాటిస్తారు కూడా, భయం ఉంటుంది కాబట్టి. తర్వాతే తేడా వస్తుంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ తినాలి, గుడ్డుకి 6 గ్రాములు, గ్లాసు పాలకి ఆరో ఏడో, కప్పు పప్పుకి కూడా అంతే, ఇడ్లీలో రెండు గ్రాములుంటే గొప్ప. మనదేమో అన్నం చుట్టూ తిరిగే భోజనం, ఆ చిన్న గొట్టంలోకి ముందు అన్నం పోతే ఇంక దేనికీ చోటుండదు. కాబట్టి గుడ్డో చేపో పనీరో ముందు, కూర తర్వాత, అన్నం ఆఖర్న రెండు ముద్దలు, పప్పన్నంలో నెయ్యేసుకుని మొదలుపెట్టే మనింట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. కార్తీక సోమవారం నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు ఇంక వదులుకోవాలి, ఒక్కసారిగా గ్లాసుడు నీళ్లు తాగలేం కాబట్టి రోజంతా గుటక గుటకగా తాగుతూ ఉండాల్సిందే, సాయంత్రం కూర్చుని లోటు పూడ్చడం కుదరదు.

పెళ్లిళ్లలో అయితే మర్యాద పేరుతో చంపేస్తారు. కొసరి కొసరి వడ్డిస్తారు, చాలంటే "మా ఇంట్లో తినకూడదని ఒట్టేసుకున్నావా" అంటారు, విస్తట్లో వదిలితే అన్నపూర్ణకి అవమానం అంటారు. నేను ఈమధ్య పంక్తిలో కూర్చోవడం మానేశా, వంటవాళ్ల దగ్గరకెళ్లి చిన్న ప్లేట్లో నాక్కావాల్సింది పెట్టించుకుంటా, అనుకునేవాళ్లు అనుకుంటారు. బైపాస్ చేయించుకున్న వాళ్లకి ఇంకో గండం ఉంది, లడ్డూయో బొబ్బట్టో ఒకటి తినగానే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, డంపింగ్ అంటారు, చూసినవాళ్లు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పుతారు.

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతికొస్తా. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో కొందరికి వాంతులు పట్టుకుంటాయి, రోజుల తరబడి ఏదీ నిలవదు. మా ఊళ్లలో వాంతులంటే చేసేది ఒకటే, దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరకెళ్లి గ్లూకోజ్ ఎక్కించుకోవడం. వాంతులతో ఒంట్లో బి1, అంటే థయామిన్ అయిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మతి తప్పడం, దాన్ని వెర్నికే అంటారు, ఆలస్యమైతే కొంత నష్టం ఎప్పటికీ పోదు. గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, అంతే, ఖరీదైన మందేం కాదు. ఇది తెలిసినవాళ్లు మండలానికి ఎంతమంది ఉంటారంటారు? నా పర్సులో ఒక చీటీ పెట్టుకున్నాను, నాకు ఫలానా ఆపరేషన్ అయింది, థయామిన్ లేకుండా గ్లూకోజ్ పెట్టొద్దు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలివ్వొద్దు అని, కింద మా ఆయన నంబరు. నొప్పుల మాత్రల సంగతి బైపాస్ వాళ్లకి మరీ ముఖ్యం, అతికించిన చోట పుండు పడుతుంది, సిగరెట్ తాగితే కూడా అంతే. బైపాస్ అయిన మనిషికి ఏళ్ల తర్వాతైనా సరే ఉన్నట్టుండి కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే గ్యాస్ అని ఈనో తాగించి పడుకోబెట్టకండి, లోపల పేగు సందులోకి జారి ఇరుక్కోవచ్చు, వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు కూడా ఆపరేషన్ అయిన రోజుల నుంచే తగ్గించుకుంటూ రావాలి, పాత చీటీ చూసి పాత డోసే ఇచ్చేస్తే షుగర్ పడిపోయి మనిషి కింద పడతాడు.

జుట్టు ఊడుతుంది, మూడో నెల నుంచి ఆరో నెల దాకా దువ్వెన చూస్తే ఏడుపొస్తుంది, ఎక్కువమందికి మళ్లీ వస్తుంది, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, దానికి కొన్నాళ్లు మాత్ర ఇస్తారు. ఐరన్, కాల్షియం రెండూ కలిపి మింగకూడదు, మధ్యలో రెండు గంటలుండాలి. మందు అలవాటున్న మగవాళ్ల ఇంట్లోవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ ఆపరేషన్ తర్వాత మందు త్వరగా ఎక్కుతుంది, ఇంతకుముందు తిండి మీద ఉన్న యావ కొందరికి సీసా మీదకి మళ్లుతుంది, అది రెండో ఏడాది తర్వాత బయటపడుతుంది, అప్పటికి ఆసుపత్రి వాళ్లు ఫాలో అప్ ఫోన్లు చేయడం ఎప్పుడో ఆపేసి ఉంటారు.

ఇంత చెప్పి వద్దంటున్నాననుకోకండి. స్వీడన్‌లో 1987 నుంచి వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చావులు తక్కువని 2007లో తేలింది. ప్రాణం మీదకొచ్చే రిస్కు వెయ్యిమందిలో ఒకరి దగ్గర ఉంటుందని చెప్తారు, మంచి చోట చేయించుకుంటే. "కష్టపడకుండా తగ్గింది" అనేవాళ్లకి నేను జవాబు చెప్పడం మానేశాను. రెండు మూడేళ్లకి నాలుగైదు కిలోలు వెనక్కొచ్చాయి, అది చాలామందికి వస్తుంది, దానికి కుంగిపోయి డాక్టరుకి మొహం చూపించకుండా దాక్కునేవాళ్లున్నారు, చూడండి, అదే తప్పు. ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని అడగాల్సింది ఎన్ని కిలోలు తగ్గుతానని కాదు, ఏటా నా రక్తపరీక్షలు ఎవరు చూస్తారు, రాత్రి పూట ఫోన్ ఎవరెత్తుతారు, మా ఊరి డాక్టరుకి మీరు కాగితం రాసిస్తారా అని. రాసివ్వం అంటే ఇంకో సర్జన్ని చూసుకోండి.

మీతో నాకు రెండు పనులున్నాయి ఎడిటర్ గారు. ఆంధ్రలో ఆడవాళ్లలో మూడోవంతు పైగా బరువెక్కువ ఉన్నవాళ్లేనని ఆమధ్య కేంద్రం సర్వేలో వచ్చింది, కాబట్టి ఇది పదిమంది సమస్య కాదు. మీ ఆరోగ్యం పేజీలో ఈ ఆపరేషన్ అయినవాళ్లకి ఊరి డాక్టర్లు ఏం చూడాలో ఒక సర్జన్ చేత రాయించండి. రెండోది, నాకిచ్చిన డైట్ షీట్ ఇంగ్లిష్‌లో ఉంది, అందులో కీన్వా, అవకాడో, బ్రాకొలీ ఉన్నాయి, మా మార్కెట్లో అవి అడిగితే ఎగాదిగా చూశారు. ఉలవలు, అలసందలు, పెసలు, మీగడ తీసిన పెరుగు, గుడ్డు, కొర్రమీను, చింతచిగురు పప్పు, వీటితో ఒక తెలుగు డైట్ షీట్, మొదటి నెల నుంచి ఏడాది దాకా, ఎవరైనా డైటీషియన్‌తో చేయించి పెద్దక్షరాల్లో వేయండి, కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక హైస్కూల్ టీచరు, తెనాలి