పాత అంబాసిడర్ కారుతోందా? ముందు ఏం కారుతోందో చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మా వైపు పాత అంబాసిడర్లకీ పద్మినీలకీ గిరాకీ పెరుగుతోంది. పూలు కట్టి పెళ్లికొడుకుని ఎక్కించడానికి, ఫొటోలు దిగడానికి. మా నాన్నగారి 1977 మోడల్ మార్క్ 3 అంబాసిడర్ ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి నన్నూ అడుగుతుంటారు. సంతోషమే. కానీ ఈ బళ్ల కింద పడే చుక్కల గురించి నాలుగు మాటలు చెప్పాలి. మీ ఆటో పేజీలో కొత్త కార్ల మైలేజీ తప్ప వేరే ఊసు ఉండదు, కనీసం ఉత్తరాల్లోనైనా వేయండి.

ముందు నేను మోసపోయిన సంగతి. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కొత్తగా టైల్స్ వేశారు, నా బండి కింద మాత్రం రోజూ పొద్దున్నే అరచేయంత నల్ల మరక. అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా? ఒక షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రీ కిందికి దూరి చూసి, "క్రాంక్ (ఇంజన్లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక ఆయిల్ సీలు పోయింది సార్" అని గేర్‌బాక్స్ దించేశాడు. దించాక తేలింది, ఆ ఇంజన్లో అక్కడ రబ్బరు సీలే ఉండదని!

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన 1489 సీసీ ఇంజన్ అది. క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన మరలాగా గాడి కోసి ఉంటుంది, షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ బయటికి రాబోయే ఆయిల్‌ని ఆ గాడే తిప్పి లోపలికి పంపిస్తుంది. బండి ఆపాక ఒకటో రెండో చుక్కలు పడటం దాని స్వభావం. అంతకు మించి పడుతోందంటే పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగి లోపల ప్రెషర్ పెరుగుతూ ఉండొచ్చు, లేదా ఆ గ్యాస్ బయటికి పోవాల్సిన బ్రీదర్ పైపు మసితో పూడుకుపోయి ఉండొచ్చు. పైపు పీకి కిరోసిన్‌తో కడగడానికి పావుగంట పట్టదు, కానీ ఆ పని ఎవరూ ముందు చేయరు.

నా బండిది అదీ కాదు. ఇంజన్ పక్కన ఉండే టాపెట్ మూతల (వాల్వుల్ని కదిలించే భాగాల మీది రేకు మూతల) దగ్గర కార్క్ ప్యాకింగ్ ఎండి చిట్లింది, అక్కడ కారిన ఆయిల్ బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకి గేర్‌బాక్స్ దగ్గర చుక్క కడుతోంది. ప్యాకింగ్ ఖరీదు ఎంతో కాదు, గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కూలీ ఎంతని మాత్రం అడక్కండి. ఇంకోమాట, ప్యాకింగ్ మార్చినా చెమ్మ ఆగకపోతే చాలామంది బోల్టు ఇంకా ఇంకా బిగిస్తారు, దాంతో రేకు మూత వంగిపోయి ఇంకెప్పటికీ సరిగా కూర్చోదు.

ఎక్కడ కారుతోందో తెలియాలంటే ఇంజన్‌ని కిరోసిన్, బ్రష్షుతో శుభ్రంగా కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, ఓ పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి చూడండి. తడి గీత ఎక్కడ మొదలైందో అదే చోటు. రాత్రికి కింద పేపరు పరవండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా, గంధకం కంపు కొడితే గేర్‌దో డిఫరెన్షియల్‌దో (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బాదో). తుప్పు రంగో పచ్చరంగో నీళ్లయితే రేడియేటర్‌వి. జిడ్డుగా ఉండి నీళ్లు పోయగానే కరిగి పోతే మాత్రం అది బ్రేక్ ఆయిల్, బండి తీయకండి.

నా గోలంతా ఇక్కడే. టైల్స్ పాడవుతున్నాయని ఆయిల్ చుక్కకి వేలు తగలేస్తాం, అదే బ్రేక్ ఆయిల్ కారి చక్రం లోపలి వైపు తడిగా ఉంటే "పాత బండి కదా" అనుకుంటాం. మా బంధువుల పెళ్లికి అద్దెకి తెచ్చిన అంబాసిడర్ వెనక చక్రం అలాగే తడిసి కనిపించింది. డ్రైవర్‌ని అడిగితే, "డిక్కీలో బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది సార్, తగ్గినప్పుడల్లా పోస్తున్నా" అన్నాడు ధైర్యంగా! ఆ కాలం బండిలో నాలుగు చక్రాలకీ ఒకే బ్రేక్ ఆయిల్ లైను, ఒక వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నెట్టే భాగం) తేలిపోతే పెడల్ నేలకి తగులుతుంది, ఇంక దేనికీ బ్రేక్ ఉండదు. పెళ్లికూతుర్ని వేరే కారెక్కించాను, చాదస్తమని నవ్వారు, నవ్వుకోనీండి. బ్రేక్ ఆయిల్ దొరకలేదని దాని డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు, దాంతో లోపలి రబ్బరు కప్పులన్నీ ఉబ్బి పాడైపోతాయి.

పెట్రోలు పేపరు మీద నిలవదు, ముక్కుతోనే పట్టుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసింది. ముప్పై నలభై ఏళ్ల నాటి రబ్బరు పైపులు, ప్యాకింగ్‌లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, అందుకని పగుళ్లు కనిపించేదాకా ఆగకుండా ఇథనాల్‌కి తట్టుకునే పైపులు అడిగి వేయించుకోండి. ఇంజన్ ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ మీద ఆయిల్ పోయకుండానే పెరిగి పెట్రోలు వాసన వేస్తుంటే, ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపులోని డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగిందేమో చూడండి.

కారే రేడియేటర్లో పసుపు, పెట్రోలు ట్యాంకు చిల్లుకి బట్టల సబ్బు... రెండూ నేనూ చేశాను, కాదనను. ఇల్లు చేరడానికి పనికొస్తాయి. ఇల్లు చేరాక కూడా అలాగే వదిలేస్తే పసుపు వెళ్లి సన్న గొట్టాల్లో పేరుకుని ఇంజన్ వేడెక్కుతుంది. వాటర్ పంపు కింద ఓ చిన్న చిల్లు ఉంటుంది, లోపలి సీలు పోతే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారి మనకి తెలియడానికే దాన్ని పెట్టారు. ఆ చిల్లుని ఎంసీల్‌తో మూసిన ఘనుణ్ణి కూడా చూశాను.

నా బండి కింద ఇప్పటికీ రాత్రిపూట మీ పేపరే పరుస్తాను, చదివేశాకే లెండి. ఇవాళ పొద్దున ముందు వైపు రెండు నల్ల చుక్కలు, చక్రాల దగ్గర పొడిగా ఉంది.

ఇట్లు
మీ పాఠకుడు, తెనాలి