పాఠశాల వార్తాలేఖ: తెర మీది పాఠం కాగితం మీదికి వచ్చే తీరు గురించి

శ్రీకాకుళం జిల్లాలోని మన ఉన్నత పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ నెల నుంచి మీ పిల్లలు ఇంటికి తెచ్చే సామాన్య, సాంఘిక శాస్త్రాల పాఠ్యపత్రాలు కొత్త రూపంలో ఉంటాయి. ఇంతవరకు ఉపాధ్యాయులు తరగతిలోని పెద్ద తెర మీద చూపించిన స్లైడ్లనే పేజీకి ఆరు చొప్పున ముద్రించి ఇచ్చేవాళ్లం. ఇక మీదట ఆ స్లైడ్లలోని విషయాన్ని, దాంతోపాటు ఉపాధ్యాయులు నోటితో చెప్పిన వివరణను కూడా పూర్తి వాక్యాలతో, పేరాలుగా రాసి ఇస్తాం. ఈ మార్పుకు కారణమేమిటో, దాన్ని ఎలా చేస్తున్నామో మీకు చెప్పవలసిన బాధ్యత నాది.

కారణం ఒక జవాబు పత్రం. తుపానుల పాఠంలో ఒక స్లైడుకు ‘తుపాను కన్ను’ అని శీర్షిక ఉంది. దాని కింద ‘మధ్యభాగం – గాలి ఉండదు – జాగ్రత్త’ అని మూడు ముక్కలే ఉన్నాయి. తరగతిలో ఉపాధ్యాయులు ఆ మూడు ముక్కలను చూపిస్తూ, కన్ను మన ఊరి మీదుగా సాగుతున్నంతసేపు గాలి ఆగిపోయినట్టే ఉంటుందనీ, తుపాను పోయిందనుకుని బయటికి వస్తే, కన్ను దాటిన వెంటనే అవతలి వైపు నుంచి, అంటే ముందు వీచిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి, అంతే బలమైన గాలి విరుచుకుపడుతుందనీ, అందువల్ల అధికారులు చెప్పేవరకు ఇల్లు కదలకూడదనీ చక్కగా వివరించారు. ఆ రోజు బడికి రాని ఒక విద్యార్థి మేమిచ్చిన కాగితాన్నే శ్రద్ధగా చదువుకుని పరీక్షలో ఇలా రాశాడు: ‘కన్ను వచ్చినప్పుడు గాలి ఉండదు కాబట్టి అప్పుడు జాగ్రత్తగా బయటికి వెళ్లి పనులు చూసుకోవాలి.’

ఆ జవాబు నన్ను చాలా రోజులు వెంటాడింది. పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ కాగితం చదివిన పెద్దవాళ్లయినా అలాగే అర్థం చేసుకోవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరగడం కళ్లారా చూసిన జిల్లా మనది. ఇక్కడ పిల్లలు ఆ ఒక్క మాటను తలకిందులుగా నేర్చుకుంటే పోయేది మార్కులు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు.

స్లైడు మాట్లాడే మనిషికి ఊతం. అందులో రాసింది తక్కువ, చెప్పేది ఎక్కువ. చెప్పే మనిషిని తీసేసి స్లైడును మాత్రమే ఇంటికి పంపితే, పాఠంలో సగం తరగతి గదిలోనే ఉండిపోతుంది. బడికి వచ్చిన పిల్లలకు ఆ సగం జ్ఞాపకం ఉండవచ్చు. కానీ మన తీర గ్రామాల నుంచి ఎంతోమంది వేట పనికోసం గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వలస వెళ్తుంటారు. ఆ కుటుంబాల పిల్లల్లో కొందరికి రోజుల తరబడి బడి తప్పుతుంది, మరికొందరు తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండి చదువుకుంటున్నారు. అందరికంటే ముందు వాళ్లకు అందవలసిన కాగితమే వాళ్లకు అర్థం కాకుండా పోతోంది.

అక్షరాల పరిమాణం కూడా మేము ఆలస్యంగా గుర్తించిన లోపమే. కంప్యూటరులో స్లైడు వెడల్పు మామూలుగా సుమారు 34 సెంటీమీటర్లు ఉంటుంది. ఏ4 కాగితం మీద ఆరు స్లైడ్లు పట్టించినప్పుడు ఒక్కొక్కటి ఏడెనిమిది సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. తెర మీద 24 పాయింట్లలో స్పష్టంగా కనిపించిన అక్షరం కాగితం మీద అయిదారు పాయింట్లకు దిగిపోతుంది. తెలుగులో అక్షరం కింద వత్తు, పైన గుడి ఉంటాయి కనుక ఆ పరిమాణంలో అవి కలిసిపోయి మసకబారుతాయి. ముదురు రంగు నేపథ్యం ఉన్న స్లైడయితే ఇంకు ఖర్చు పెరగడం తప్ప చదవడానికి ఏమీ మిగలదు.

ఇక మార్చే పద్ధతి గురించి. స్లైడ్లు తయారుచేసే పవర్‌పాయింట్‌లో ఫైల్ మెనూలోని ‘ఎక్స్‌పోర్ట్’ కింద ‘క్రియేట్ హ్యాండౌట్స్’ అనే సదుపాయం ఉంది. అది స్లైడ్లను నేరుగా వర్డ్ పత్రంలోకి పంపుతుంది. అందులో ‘అవుట్‌లైన్ ఓన్లీ’ ఎంచుకుంటే బొమ్మలు లేకుండా శీర్షికలు, అంశాలు మాత్రమే వస్తాయి. ‘నోట్స్ బిలో స్లైడ్స్’ ఎంచుకుంటే ప్రతి స్లైడు బొమ్మగా వచ్చి, దాని కింద ఉపాధ్యాయులు ఆ స్లైడు నోట్స్‌లో రాసుకున్న వివరణ వస్తుంది. మొదట మేము అవుట్‌లైన్‌తోనే పని అయిపోతుందనుకున్నాం. అయితే స్లైడు మీద విడిగా గీసిన పెట్టెల్లో రాసిన మాటలు, పటాల్లోని పేర్లు, పట్టికలు అవుట్‌లైన్‌లోకి రావు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరినప్పుడే దాన్ని తుపానుగా పరిగణిస్తారన్న వాక్యం అటువంటి పెట్టెలోనే ఉండి, మా మొదటి నమూనాలో మాయమైంది. రెండో పద్ధతిలో ఏదీ పోదు గాని, పేజీకి ఒక్క స్లైడే పడుతుంది కనుక ఇరవై స్లైడ్ల పాఠానికి ఇరవై పేజీలవుతాయి. అందుచేత అవుట్‌లైన్‌ను చట్రంగా పెట్టుకుని, వివరణను అందులో చేర్చి, అసలు స్లైడ్లను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూస్తున్నాం. ‘పటంలో ఎరుపు రంగు ప్రాంతం’ అన్న మాట నలుపు తెలుపు ముద్రణలో పనికిరాదు కాబట్టి అక్కడ ఊరి పేరో మండలం పేరో రాస్తున్నాం. ఇదంతా యంత్రం చేసే పని కాదు. ఒక్కో పాఠానికి ఉపాధ్యాయులు సాయంత్రాలు వెచ్చిస్తున్నారు, అది మీకు తెలియాలని కోరుకుంటున్నాను.

పాత స్లైడ్లలో కొన్ని ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో టైపు చేసినవి. అవి యూనికోడ్ పద్ధతిలో, అంటే ఏ కంప్యూటరులోనైనా ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో లేవు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. వాటన్నిటినీ యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. యూనికోడ్ పత్రాన్ని సెల్‌ఫోన్‌లో తెరిచి అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, ఫోనులోని చదివి వినిపించే సదుపాయంతో తెలుగులోనే వినవచ్చు. చదువు రాని తల్లులు, చూపు మందగించిన పెద్దలు కూడా పాఠంలో ఏముందో తెలుసుకోగలుగుతారు. కాగితానికి ఫోటో తీసి పంపితే ఇది సాధ్యం కాదు. అందుకే తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఇకపై ఫోటోలు కాక పత్రాన్నే పంపుతాం.

భాష విషయంలో మా ఉపాధ్యాయులను ఒకటే అడిగాను: తరగతిలో ఏ మాటలతో చెప్పారో ఆ మాటలతోనే రాయమని. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పాఠాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన నేల మీద నడిచే బడిలో పిల్లలకిచ్చే కాగితం ఇంట్లో అమ్మమ్మకు అర్థం కాకపోతే అది మాకు సిగ్గుచేటు.

మీ నుంచి రెండు విషయాలు కోరుతున్నాను. పత్రం ఇంటికి వచ్చిన రోజు రాత్రి పిల్లల చేత ఒక్కసారి బయటికి చదివించి వినండి. మీకు అర్థం కాని వాక్యం ఎక్కడ ఉంటే అక్కడ పెన్సిలుతో గీత గీసి తిరిగి పంపండి. అందుకోసమే కుడి వైపు అంచు వెడల్పుగా వదిలాం. వలస వెళ్లిన కుటుంబాల వారు తమ ఫోను నంబరును తరగతి ఉపాధ్యాయులకు తెలియజేస్తే పత్రాలు వారికి నేరుగా చేరతాయి.

తుపానుల పాఠాన్ని మళ్లీ రాయించాం. ఈ శనివారం తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ఇస్తాం. పాత కాగితం ఇంట్లో ఉంటే దయచేసి దాన్ని తీసివేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు