2024–25 వార్షిక నివేదిక: ఏటిగట్టు దారి, తోపు, రాబోయే కౌలు

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, యువ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనుల నివేదికను నియమావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. వేసవి చలివేంద్రం, బడి పిల్లలకు నోటు పుస్తకాలు, చెరువు గట్టు మీద మొక్కలు ఎప్పటిలాగే జరిగాయి. సాయం చేసిన వాళ్ళందరి పేర్లూ నోటీసు బోర్డులో పెట్టాం, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇక మిగతా నివేదికంతా ఏటిగట్టు గురించే. ఏడాదంతా మన శ్రమ, మన టెన్షన్ దాని చుట్టూనే తిరిగాయి.

నాగావళి కరకట్టకు అవతలి ఏటి పోరంబోకును రెవెన్యూ వాళ్ళు ఫసలీ ఏడాది (జూలై నుంచి జూన్ దాకా) లెక్కన సాగుకు కౌలుకిస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. ఇవ్వొద్దని మన సంఘం ఏనాడూ అనలేదు. ఆ ఇసుక నేలలో మొక్కజొన్న, పుచ్చ పండించి బతుకుతున్న కుటుంబం మీద మనకు కోపం లేదు. మన గొడవ కంచెతోనే. అది కరకట్ట అంచుదాకా వచ్చి, బండి దారినీ మామిడి తోపునూ కూడా లోపలేసుకుంది. వానాకాలంలో ఏరు పొంగే చోటు కాబట్టి అక్కడ అసలు సాగు నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. పంట ఆరు నెలలు, కంచె పన్నెండు నెలలు. ప్రభుత్వ భూమిలో ఊరి నడకను ఏడాది పొడవునా ఆపే హక్కు ఏ కౌలు కాగితమూ ఇవ్వదన్నదే మొదటి నుంచీ మన మాట.

దీనివల్ల ఎవరికి కష్టమో కొందరు అధికారులకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. "వాకింగ్ కోసం ఇంత గొడవా?" అని ఒకాయన మా ముఖం మీదే అన్నారు. మన జిల్లాలో ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాడు లేని వీధి ఉండదు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితేనే పూర్తి మార్కులు. తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి, బీములు తీయాలి. దీనికంతటికీ మన పిల్లలకున్నది ఆ మెత్తటి గట్టు దారి ఒక్కటే. అది మూసుకుపోయాక చీకటితోనే లేచి 16వ నంబరు జాతీయ రహదారి సర్వీసు రోడ్డు మీద, లారీల పక్కన పరిగెత్తారు. ఆ తల్లులు పడ్డ భయం నాకు తెలుసు, వాళ్ళలో మా వదిన ఒకరు. షుగరున్న పెద్దవాళ్ళు నడక మానేశారు. ఆడవాళ్ళకు కార్తీకంలో తోపులోని ఉసిరి చెట్టు దగ్గరకు వెళ్ళే వీలు లేకపోయింది. ఆటస్థలం లేని ఊరికి ఏటొడ్డే ఆటస్థలం. ఇది సరదా వ్యవహారం అనుకునే వాళ్ళు ఒక్క వారం ఈ ఊళ్ళో ఉండి చూడాలి.

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా గ్రామసభలు జరిగిన రోజున మన పంచాయతీ సభలోనూ ఈ విషయం లేవనెత్తాం. ఉపాధి పనుల జాబితాతోనే సమయమంతా అయిపోతుందేమో అనుకున్నాం కానీ, మహిళా సభ్యులు లేచి నిలబడి మాట్లాడాక సభ విన్నది. బండి దారినీ తోపునూ కౌలు నుంచి తప్పించాలని తీర్మానం రాయించాం. సర్పంచి గారికి, వార్డు సభ్యులకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు.

తీర్మానానికి బలం చట్టంలోనే ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం వేరే ప్రత్యేక అవసరానికి అట్టేపెట్టుకోని పశువుల బయళ్ళు, కల్లాలు, శ్మశానాలు, బండి దారులు, తోపులు పంచాయతీ అధీనంలో ఉంటాయి. ఏటి పోరంబోకు వేరు, దానిలోంచి పోయే బండి దారి వేరు. మన అర్జీలో ఈ తేడానే పట్టుకున్నాం. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామస్థులకు అప్పగించే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు ప్రతినీ అర్జీకి జతచేశాం. తీర్పులోని ముఖ్యమైన పేరాలను తెలుగులో రాసిచ్చిన మన రిటైర్డు ఉపాధ్యాయుడికి సంఘం రుణపడి ఉంది.

ఆ తర్వాత జరిగింది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇచ్చిన వినతికి కొన్నాళ్ళకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందని. ఎవరూ వచ్చి చూడలేదు, కంచె అంగుళం కదల్లేదు. మళ్ళీ తెరిపించాం, మళ్ళీ అదే మెసేజ్. సర్వేకు తేదీ ఇచ్చేవారు. మన వాళ్ళు కూలి మానుకుని గట్టు మీద ఎదురుచూసేవారు. సాయంత్రానికి వేరే డ్యూటీ పడిందని కబురొచ్చేది. కౌలు ఉత్తర్వు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద అడిగితే, చట్టం చెప్పిన 30 రోజులు దాటినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాకే కాగితాలు చేతికొచ్చాయి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, గడువు ఉన్నాయి. చెట్లు కొట్టరాదని, పక్కా కట్టడాలు కట్టరాదని కూడా ఉంది. దారి గురించి ఒక్క మాట లేదు. కానీ అదే కట్టలో వచ్చిన ఎఫ్.ఎం.బి. (సర్వే కొలతల పటం) నకలులో బండి దారి చుక్కల గీతలుగా గట్టు పొడవునా స్పష్టంగా కనిపిస్తోంది. ఆ నకలును పెద్దదిగా జిరాక్సు తీయించి ఈ రోజు గోడకు అంటించాం, అందరూ చూసి వెళ్ళండి. డిసెంబరులో జరిగిన రెవెన్యూ సదస్సులో కూడా అదే చూపించాం. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు.

ఆఫీసుల్లో తేలని పని తోపులో తేలింది. అక్టోబరులో మన కార్యవర్గం నేరుగా కౌలుదారు గారి మోటారు షెడ్డుకు వెళ్ళింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, మూల నుంచి ఒక యూరియా సంచి తెచ్చి మా ముందు విప్పారు. రోటావేటర్ తిప్పినప్పుడు మట్టిలోంచి పైకొచ్చిన సీసా పెంకులు సగం సంచి ఉన్నాయి. గోధుమరంగువి, పచ్చవి, అంచులు కత్తిలా ఉన్నాయి. పుచ్చ పాదులు పెట్టడానికి వచ్చిన ఒక కూలి మనిషికి మడమలో పెంకు దిగి కుట్లు పడ్డాయట. "మీరు నడుస్తామంటే నేను కాదనను బాబూ. రాత్రిపూట బళ్ళేసుకుని వచ్చి తాగి పగలగొట్టేవాళ్ళకి ఎవరు జవాబు?" అని అడిగారు. ఆయన కంచె వేసింది మన నడకను ఆపడానికి కాదని ఆ రోజు అందరికీ అర్థమైంది. ఆ సీసాలు మన ఊరివాళ్ళవి కాకపోవచ్చు. దారి కావాలని అడుగుతున్నది మాత్రం మనం. కాబట్టి దాన్ని కాపాడే బాధ్యతా మనదేనని అక్కడే మాటిచ్చాం.

మాటిచ్చినట్టే మన యువకులు రెండు ఆదివారాలు జనపనార సంచులు పట్టుకుని తోపంతా జల్లెడ పట్టారు. ఒక సభ్యుడు రెండు రాతి స్తంభాలు విరాళమిచ్చారు. మనిషి పట్టేంత సందు వదిలి దారి మొదట్లో వాటిని పాతాం. మోటారు సైకిలు ఆ సందులోంచి దూరదు. కౌలుదారు గారు గట్టు వైపు కంచెను తన మనుషులతోనే పన్నెండడుగులు లోపలికి జరిపించారు. ఏ ఆఫీసూ చెప్పకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఆయన చేసిన పని ఇది. సంఘం తరఫున శాలువా కప్పుతామంటే వద్దన్నారు. ఈ సభలో ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నవంబరు 17, కార్తీక ఆదివారం నాడు తోపులో వనభోజనాలు. సంఘం పెట్టిన నాటి నుంచి ఇంత నిండుగా ఏ కార్యక్రమమూ జరగలేదని గర్వంగా రాస్తున్నాను. తోపు చుట్టూ మొక్కజొన్న విత్తడాన్ని కౌలుదారు గారు మన కోసం వారం వాయిదా వేశారు. తన మోటారు నీళ్ళు వంటకు వాడుకోమన్నారు, వాళ్ళింటి ఆడవాళ్ళు కూడా వచ్చి మన వాళ్ళతో కలిసి ఉసిరి చెట్టు దగ్గర దీపాలు పెట్టారు. పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, బెల్లం పరమాన్నం. అడ్డాకుల విస్తళ్ళు ఏజెన్సీ నుంచి తెప్పించాం, గుడిలోని స్టీలు గ్లాసులు తెచ్చి వాడాం, ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నం పిల్లలకు ఖోఖో, తొక్కుడుబిళ్ళ, కుర్రాళ్ళకు గట్టు మీద పరుగు. నడవలేక కుర్చీలో వచ్చిన ఒక మామ్మగారు, పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఇదే చెట్టు కింద తిన్నానని చెట్టు మాను నిమురుతూ చెప్పారు. చీకటి పడకముందే పొయ్యిలు ఆర్పి, బూడిద గోతిలో పూడ్చి, విస్తళ్ళు ఎరువు గుంటలో వేసి వచ్చాం. మర్నాడు కౌలుదారు గారు ఫోన్ చేసి, మనం వచ్చి వెళ్ళిన ఆనవాళ్ళే లేవన్నారు. మనకు అంతకంటే మంచి సర్టిఫికెట్ ఏం కావాలి?

వంట పర్యవేక్షించిన మహిళా కమిటీకి, టెంటు ఉచితంగా వేసిన సభ్యుడికి, కట్టెలిచ్చిన రైతులకు, గ్లాసులిచ్చిన ఆలయ కమిటీకి, ట్రాక్టరు పంపినవారికి, ఎండలో నిలబడి వడ్డించిన డిగ్రీ విద్యార్థులకు ధన్యవాదాలు. ఎవరి పేరైనా నోటీసు బోర్డులో లేకపోతే చెప్పండి, చేరుస్తాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు ఆడిటరు సంతకంతో అందరికీ పంచారు. ఆదాయం సభ్యత్వ రుసుములు, విరాళాలు. ఖర్చులో పెద్దవి వనభోజనాలు, చలివేంద్రం, అర్జీల ప్రయాణాలు, జిరాక్సులు. బ్యాంకు నిల్వ కిందటేటి కంటే కొంచెం తగ్గింది. రుసుము బాకీలున్నవారు ఈ రోజే కట్టాలని మనవి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కంచె కదిలిందన్న ఫొటో గ్రూపులో పెడితే నిమిషాల్లో దండాలు, పూలగుత్తులు వచ్చాయి. సర్వే కోసం ఒక మనిషి రావాలి, చేను పని మానుకుని రాగలిగినవాళ్ళు చెప్పండి అంటే జవాబు ఉండదు. ప్రతిసారీ అదే ముఖాలు. పెంకులు ఏరడానికి వచ్చిన కుర్రాళ్ళలో సగం మంది అసలు సభ్యులే కారు. కార్యవర్గంలో పేరుండి ఏడాదిలో ఒక్క సమావేశానికీ రానివాళ్ళు ఆ చోటు పనిచేసేవాళ్ళకు వదలాలని గౌరవంగానే అడుగుతున్నాను. నలుగురు మనుషుల భుజాల మీద ఊరి హక్కు ఎంతకాలం నిలుస్తుంది?

ఇప్పుడు అసలు పని ముందుంది. 1434 ఫసలీకి ఇచ్చిన కౌలు 2025 జూన్ 30తో ముగుస్తుంది. ఇప్పటి కౌలుదారు మంచివారు కాబట్టి దారి తెరుచుకుంది. జూలై నుంచి వేరేవాళ్ళు వేలంలో పాడుకుంటే మళ్ళీ మొదటికి వస్తాం. మంచితనం మీద నిలిచిన దారిని కాగితం మీదికి ఎక్కించాలి. కొత్త కౌలు ఉత్తర్వులోనే షరతులు రాయించాలన్నది కార్యవర్గ నిర్ణయం.

కెనడాలో ఉద్యోగం చేస్తున్న మన సభ్యుడి కొడుకు అక్కడి అల్బెర్టా రాష్ట్రం నిబంధనలు పంపాడు. ప్రభుత్వ భూమిని సాగుకో పశువుల మేతకో కౌలుకిచ్చినా, విహారానికి వచ్చే జనాన్ని కౌలుదారు కారణం లేకుండా ఆపకూడదని 2003 నుంచి అక్కడ నిబంధన ఉంది. వెళ్ళేవాళ్ళు ముందుగా కౌలుదారుకు చెప్పాలి. కోత కాని పంట ఉన్నా, కంచెలో పశువులున్నా, నడిచి కాక బండి మీద వస్తామన్నా, అక్కడ గుడారం వేస్తామన్నా ఆయన కాదనవచ్చు. అక్కడి నేల వేరు, మన నేల వేరు. పద్ధతి మాత్రం న్యాయంగా తోచింది. రైతుకూ జనానికీ ఇద్దరికీ హద్దులు పెట్టింది.

దాన్ని చూసుకుని మన షరతుల ముసాయిదా రాశాం. గట్టు వెంట పన్నెండడుగుల దారి, తోపు కౌలు విస్తీర్ణంలోకి రాకూడదు. పంట ఉన్నన్నాళ్ళూ జనం ఆ దారి దాటి చేలోకి దిగరు. కోత అయ్యాక మళ్ళీ దుక్కి దున్నేదాకా ఆ ఖాళీ చేను ఆటలకు తెరిచి ఉండాలి. బళ్ళు, సీసాలు, రాత్రి మంటలు నిషేధం. మన వాళ్ళ వల్ల పంటకు నష్టం జరిగితే సంఘమే కట్టిస్తుంది. ఈ చివరి షరతు మీద కార్యవర్గంలో వాదన జరిగింది. నేను దాని పక్షాన గట్టిగా నిలబడ్డాను, ఈ రోజు సభ కూడా ఆమోదించాలని కోరుతున్నాను. బాధ్యత తీసుకోకుండా హక్కు అడిగితే ఏ రైతూ ఒప్పుకోడు. ఇసుక తీసిన గోతుల దగ్గర స్నానాలు వద్దని బోర్డు పెట్టడానికి కూడా అనుమతి అడుగుతున్నాం. వరద తగ్గాక ఆ గోతులు పైకి కనబడవు.

ముసాయిదా ఆమోదం పొందితే మే నెలలోనే తహసీల్దారు గారికి, ఆర్డీవో గారికి ఇస్తాం. నకలు పంచాయతీకి వెళ్తుంది. వేలం ప్రకటన వెలువడిన రోజు కార్యాలయం దగ్గర కనీసం వీధికి ఇద్దరు ఉండాలి. ఏ వీధి నుంచి ఎవరొస్తారో పేర్లు, ఫోన్ నంబర్లు ఈ రోజు వెళ్ళేలోపు సహాయ కార్యదర్శి దగ్గరున్న పుస్తకంలో రాయండి. గ్రూపులో రాస్తే లెక్కలోకి తీసుకోం.

ఇట్లు,
కార్యదర్శి