కళ్లు ఆరకముందే లక్ష్యాల చిట్టా

సంపాదకుల వారికి,

ముప్పై రెండేళ్లు ఆడిటర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఏ పద్దు ఏ ఖాతాలో పడాలో చూడటంతోనే సర్వీసంతా గడిచింది. అందుకేనేమో, ఈమధ్య వెళ్లొచ్చిన నాలుగు రోజుల వెల్‌నెస్ రిట్రీట్‌లో (మనసు కుదుటపడటానికి పెట్టే శిబిరం) మిగతావాళ్లు పట్టించుకోని ఒక సంగతి నాకింకా ముల్లులా గుచ్చుకుంటోంది.

'థెరపీ, కోచింగ్ రెండూ ఒకేచోట' అని వాళ్ల ప్రకటన. థెరపీ అంటే మనసులోని బాధ నిపుణులతో చెప్పుకుని కుదుటపడటమని తెలుసు. కోచింగ్ అంటే పోటీ పరీక్షలకేమో అనుకున్నాను. కాదట, జీవితంలో లక్ష్యాలు పెట్టుకుని చేరుకోవడానికట. సరే, వెళ్లాను.

అమ్మ పోయి పదకొండు నెలలు. అంతకుముందు నాలుగేళ్లు మంచానికే పరిమితం, చూసుకున్నది నేనే. పోయిన రోజు కూడా ఏడవలేదు, ఆస్పత్రి బిల్లులు కూడుకుంటూ కూర్చున్నాను. శిబిరంలో రెండో రోజు పొద్దున థెరపీ గదిలో థెరపిస్టు "చివరిసారి అమ్మగారి చెయ్యి ఎప్పుడు పట్టుకున్నారు?" అని అడిగేసరికి కట్ట తెగింది. యాభై నిమిషాలూ ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు, ఊరుకోమనలేదు, మాట్లాడకుండా దగ్గర కూర్చుంది. పని తెలిసిన మనిషే, కాదనను.

టీ తాగి అరగంటకల్లా మళ్లీ అదే గది, అదే కుర్చీ, అదే మనిషి. ఈసారి చేతిలో మార్కరు పెన్ను. "వచ్చే తొంభై రోజుల్లో ఏం సాధించబోతున్నారు?" కోచింగ్‌లో 'గ్రో' అని ఒక పద్ధతి ఉంది: చేరాల్సింది ఎక్కడికి, ఇప్పుడున్నది ఎక్కడ, దారులేమున్నాయి, వాటిలో ఏ దారిన వెళ్తాం అని వరసగా అడుగుతారు. మంచి ప్రశ్నలే. కాకపోతే నా కళ్లింకా ఆరలేదు. ఏదో ఒకటి రాయాలి కదాని 'రోజూ అరగంట నడక' అని రాశాను. నాలుగేళ్లు గంటసేపు గడప దాటలేనిదాన్ని, ఇప్పుడు ఎవరూ ఆపేవాళ్లు లేరు; నడకకి లక్ష్యమెందుకో నాకే అర్థం కాలేదు.

అలాగని రెండూ కలపడమే తప్పని అనను. నా పక్క గదిలో ఒకావిడ ఉద్యోగం మానాలా వద్దా అని ఏడాదిగా నలుగుతోంది. లాభనష్టాలు ఎన్నిసార్లు రాసుకున్నా తేలలేదు. కోచింగ్‌లో మాట్లాడుతుండగా బయటపడిందేమిటంటే, అడ్డం జీతం కాదు, 'చేతకాక మానేసింది' అని తండ్రి అంటాడన్న భయం. ఆ భయం సంగతి థెరపీలో చూసుకున్నాక కానీ ఆవిడ నిర్ణయం కదల్లేదు. అంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి ఉండాల్సిందే. దాటేటప్పుడు 'ఇప్పుడు దాటుతున్నాం' అని చెప్పాలి, అంతే.

చెప్పకపోతే ఏమవుతుందో మూడో రోజు సాయంత్రం చూశాను. అందరం గుండ్రంగా కూర్చున్నాం. నాకు థెరపీ చేసినావిడే నా ఏడుపుని 'నిన్నటి పెద్ద మలుపు' అంటూ ఇరవై మంది ముందు చెప్పి చప్పట్లు కొట్టించింది. ఉద్దేశం మంచిదే, అంతవరకూ అక్కడ ఎవరు ఏ చిన్న పని సాధించినా చప్పట్లు కొడుతూనే ఉన్నాం. కానీ థెరపీలో చెప్పుకున్నది గది దాటకూడదు. ఒక ఖాతాలో పద్దు ఇంకో ఖాతాలో పడటమంటే నా దృష్టిలో ఇదే.

ఒక కుర్రాడి సంగతి ఇంకా బాధ. వేగంగా ఊపిరి తీసి వదిలే సాధన చేయిస్తుంటే అతని వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. అలా గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి ఎవరికైనా అలా జరగొచ్చు, నెమ్మదిస్తే తగ్గిపోతుంది. కానీ అతనికి అంతకుముందే పానిక్ ఎటాక్‌లు, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, వస్తుండేవట. ప్రాణం పోతోందని వణికిపోతుంటే "భయాన్ని దాటి రండి" అని ఉత్సాహపరిచారు. ఆ క్షణాన అతనికి కావలసింది ఆపెయ్యమనే మనిషి.

పానిక్ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది అంటారా? అడిగితే తెలుస్తుంది. పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ఆనవాళ్లు పట్టే ప్రశ్నపత్రం ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిదే ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకాస్త లోతుగా చూడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఇలాంటిదొకటి, దాంతోపాటు 'పానిక్ ఉందా, మందులేమైనా వాడుతున్నారా' అని రెండు మాటలు అడిగితే సరిపోయేది. మా దరఖాస్తులో అడిగింది టీషర్టు సైజు.

చాలా దేశాల్లో కోచ్‌నని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. 1995లో మొదలైన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య తన తొలి మెట్టు గుర్తింపుకే 100 గంటల అనుభవం అడుగుతుంది, అన్నిటికన్నా పైమెట్టుకి 2,500 గంటలు. తన చేతిలో లేని పనైతే తగినవారి దగ్గరికి పంపమని దాని నియమావళి చెబుతుంది. కానీ అందులో చేరి తీరాలని ఎవరికీ నిర్బంధం లేదు.

ఐదో రోజు ఇంటికొచ్చాక మళ్లీ ఏడుపు మొదలైంది. ఫోన్ చేద్దామంటే శిబిరం ముగిసింది, నంబరు బుకింగులకి మాత్రమేనట. మూడు వారాలు అలాగే గడిపి, వారానికోసారి ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. లక్ష్యాల కాగితం చూపిస్తే ఆవిడ మడిచి నా చేతికే ఇచ్చి, "ఇది కావాలనిపించినప్పుడు తెరుద్దాం" అంది.

ఇలాంటి శిబిరాల ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తుంటాయి. వేసేముందు, నడిపేవారి అర్హతేమిటి, ఏ గంటలో ఏది జరుగుతుంది, ఇంటికెళ్లాక ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న మూడు సంగతులూ ప్రకటనలోనే ఉండాలని షరతు పెట్టగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆడిటర్