చెంగలి పిచ్చిగడ్డి కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పదకొండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. మర్నాడే రాయాల్సింది. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. ఇన్నాళ్ళయినా కోపం తగ్గలేదు, ఇక ఆగి ప్రయోజనం లేదనిపించింది.

మా చెరువు పక్క చెంగలి గడ్డి పెరిగే మేత బీడులో పొక్లెయిన్ దించి, గుంతలు తవ్వించి, మొక్కలు నాటి ఫొటోలు దిగిన సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. మీ విలేకరి దాన్ని 'పిచ్చిగడ్డి పోయింది, పచ్చదనం వచ్చింది' అని మెచ్చుకుంటూ రాశారు. అదే రోజు లోపలి పేజీలో ఒంగోలు జాతి ఘనత మీద సగం పేజీ కథనం వేశారు. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవుకు దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టారనీ, అది మన పశువుల సంతతేననీ రాశారు. నాకూ గర్వంగానే ఉంది. అయితే ఆ ఆవు పూర్వీకులు ఈ నేల మీద ఏం తిని పెరిగాయో ఒక్క ముక్క రాయలేదు. జిల్లా పేజీలో మీరు పిచ్చిగడ్డి అన్నారే, ఆ చెంగలి తిని పెరిగాయి.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మా నాన్న రెండు జతల ఒంగోలు ఎద్దులను మేపిన రైతు. చెంగలి గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

చెంగలి ఏటా చచ్చి ఏటా మొలిచే గడ్డి కాదు. ఏళ్ళ తరబడి బతికే దుబ్బు. నల్లరేగడిలో, వానకు కాస్త నీరు నిలిచే పల్లంలో బాగా వస్తుంది. సన్నని కాడలు మోకాలెత్తున, బాగా వాన పడ్డ ఏడు అంతకంటే ఎత్తున లేస్తాయి. ముదిరేకొద్దీ కాడకూ వెన్నుకూ ఎర్రజీర వస్తుంది. చెంగలి అన్న పేరు వింటేనే నాకు చెంగలువ ఎరుపు కళ్ళ ముందు మెదులుతుంది. 1889లో ఆస్ట్రియాకు చెందిన ఎడువర్డ్ హాకెల్ అనే శాస్త్రవేత్త దీనికి ఇసైలీమా లాక్సం అని పేరు పెట్టాడు. మన రైతులకు మాత్రం అది అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ చెంగలే.

దీని వెన్నును భూతద్దం కింద పెట్టి చూడండి. పడవ ఆకారంలో ఉండే చిన్న చిన్న ఆకుతొడుగులు, ఒక్కో తొడుగులో ఒక్కో పూగుత్తి కనిపిస్తాయి. ఆ గుత్తి అడుగున గింజ కట్టని పువ్వులు నాలుగు కంచెలా చుట్టూ నిలబడతాయి. గింజ కట్టే పువ్వు వాటి నడుమ ఉంటుంది. పండాక గింజ ఒక్కటే రాలదు, కంచెతో సహా గుత్తి మొత్తం ఊడి పడుతుంది. ఆ గింజకొక సన్నని మీసం ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లల చేత దాని మీద నీటిచుక్క వేయించేదాన్ని. మెలి తిరిగి ఉన్న మీసం మెల్లగా విచ్చుకుంటూ కదిలేది. బెంచీల మీంచి ఎగబడి చూసేవాళ్ళు. ఆ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు, బడి వెనక బీడు చాలు. ఆ బీడే ఇప్పుడు గుంతలమయం.

అసలు బలమంతా దుబ్బు మొదట్లో ఉంటుంది. పిలకలు పుట్టే మొగ్గలు నేలకు ఆనుకుని ఉంటాయి. పశువు పైపైన కొరికి వెళ్ళిపోతుంది, మొదలు మిగులుతుంది, మళ్ళీ చినుకు పడితే పిలకలేస్తుంది. ఎండాకాలం చూస్తే ఎండి చచ్చిందనుకుంటాం, వేళ్ళు మాత్రం నేలను పట్టుకునే ఉంటాయి. అందుకే మేత మేసినందువల్ల బీడు పాడవదు, మేతకు విరామం లేకుండా చేస్తే పాడవుతుంది. దున్నితే, పొక్లెయిన్‌తో పెకలిస్తే మాత్రం ఇక తిరిగి రావడం చాలా కష్టం. దుబ్బులు పోయిన చోట ముందుగా దిగేది సర్కారు తుమ్మ. కావాలంటే మీ విలేకరిని రోడ్డు అవతలి పోరంబోకుకు వెళ్ళి చూడమనండి. పదిహేనేళ్ళ కిందట అక్కడ కూడా ఇలాగే మొక్కలు నాటారు. నాటిన మొక్క ఒక్కటీ లేదు, గొడ్డు దూరడానికి సందు లేనంతగా తుమ్మ ఉంది.

చెట్లంటే నాకు పగేమీ లేదు. రోడ్ల పక్కన నాటండి, బడుల్లో నాటండి, మేమే నీళ్ళు పోస్తాం. గడ్డి ఉన్న చోటును ఖాళీ అనుకోవడమే నాకు మింగుడు పడటం లేదు. మన దేశపు గడ్డిభూములను అయిదు పెద్ద రకాలుగా విభజించి 1973లోనే శాస్త్రవేత్తలు పుస్తకం వేశారు. దక్కను పీఠభూమి మొత్తం అందులో ఒక రకం కిందికి వస్తుంది. యాభై ఏళ్ళు దాటినా మన కాగితాల మీద గడ్డినేల అంటే బంజరే. బంజరు అని రాసుకున్నాక దాన్ని ఎవరికైనా, దేనికైనా ఇచ్చేయొచ్చు. ఒంగోలు, కందుకూరు పాత తాలూకాల్లో బీళ్ళు ఎలా కరిగిపోయాయో పెద్దవాళ్ళను అడగండి. పొగాకు వచ్చింది, తర్వాత జామాయిల్, సుబాబుల్ తోటలు, సముద్రం వైపు రొయ్యల చెరువులు. మిగిలిన ముక్క మీద ఎవరికి బలముంటే వాళ్ళ కంచె. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో తీర్పు చెప్పింది. మా మేత పోరంబోకు సర్వే కోసం మేం అర్జీ పెట్టి నాలుగేళ్ళవుతోంది. కొలత గొలుసు ఇంకా మా ఊరి పొలిమేర దాటలేదు. గుంతల పని మాత్రం రెండు రోజుల్లో అయిపోయింది.

పని ఆపమని వెళ్ళినప్పుడు అక్కడున్న అధికారి నాతో "మేడమ్, ఆ గడ్డి పోతే ఏం, నేపియర్ పిలకలు సబ్సిడీ మీద ఇస్తాం కదా" అన్నారు. నేపియర్ మంచి మేతే, కాదనను. దానికి నీళ్ళు కావాలి, ఎరువు కావాలి, అన్నింటికంటే ముందు సొంత చెక్క కావాలి. రెండు గేదెలూ ఒక ఆవూ తప్ప సెంటు భూమి లేని మా వీధి చివరి ఆవిడ నేపియర్ ఎక్కడ వేస్తుంది? వాన నీటితో తనంతట తాను పెరిగిన చెంగలి కోసుకొచ్చి, ఎండబెట్టి చిన్న వామి వేసుకుని వేసవి గట్టెక్కేది. ఈ ఏడు వామి లేదు. గడ్డిమోపు కొనుక్కుంటోంది.

లాం, చింతలదేవి, చదలవాడ పశుక్షేత్రాల్లో ఒంగోలు జాతిని కాపాడుతున్నందుకు సంతోషం. 2002లో హైదరాబాద్ జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తనే చిహ్నంగా పెట్టుకుని మురిసిపోయాం. ఆంబోతుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి భద్రం చేసుకున్నాం. మేతను ఎక్కడ భద్రం చేశాం? పశువుల సంతలో పళ్ళు చూసి వయసు చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. దుబ్బు చూసి ఇది చెంగలి, ఇది కాదు అని చెప్పే కుర్రవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరు కూడా లేరు. పిల్లల పుస్తకంలో గడ్డి గురించి ఒక్క పాఠమైనా లేకపోతే వాళ్ళ తప్పేముంది?

చెరువు తూము దాటాక సుమారు రెండెకరాల బీడు ఇంకా తవ్వకుండా మిగిలి ఉంది. అక్కడికీ పొక్లెయిన్ వస్తుందని వినిపిస్తోంది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెంగలి ఇప్పుడే వెన్ను తీస్తోంది. గింజ పండి రాలడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. కనీసం అప్పటిదాకా ఆ రెండెకరాల జోలికి పోవద్దని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అలాగే పిచ్చిగడ్డి అన్న మాటకు సవరణ వేయండి. చిన్న అక్షరాలతో వేసినా ఫర్వాలేదు. మీ విలేకరి వస్తానంటే నేనే దగ్గరుండి బీడు చూపిస్తాను. భూతద్దం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
కందుకూరు ప్రాంతం