మంత్రి గారూ, ఒకే స్విచ్ మీద ఉన్న ట్రాఫిక్ దేశం దాటి ఎందుకు రావాలి?

గౌరవనీయులైన కమ్యూనికేషన్ల మంత్రి గారికి,

నమస్కారం అండి. ఇది మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు మూడింటికీ రసీదు నంబర్ తప్ప ఏమీ రాలేదు. అందుకే ఈసారి అందరికీ కనపడేలా రాస్తున్నా, తప్పుగా అనుకోకండి.

మాది చిన్న ఐఎస్‌పీ, అంటే ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లో (నెట్‌వర్క్‌లన్నీ ఒకే స్విచ్‌కి తగిలించుకుని ట్రాఫిక్ నేరుగా మార్చుకునే చోటు) చేరండి, లోకల్ ట్రాఫిక్ లోకల్‌గానే తిరుగుతుంది అని మీ శాఖ వాళ్లే చెప్తే అప్పు చేసి మరీ 10 జీబీపీఎస్ పోర్ట్ తీసుకున్నాం. సాయంత్రం మా కస్టమర్లు చూసే వీడియోల్లో సగానికి పైగా ఒక పెద్ద కంటెంట్ నెట్‌వర్క్‌వే, వాళ్ల రౌటర్ కూడా అదే స్విచ్‌కి తగిలించి ఉంది, కానీ ఎవరి దారి ఎటో అందరికీ ఒకేచోట చెప్పే రూట్ సర్వర్‌లోంచి వాళ్లు తప్పుకున్నారు, పోనీ మాతో విడిగా బీజీపీ సెషన్ (రెండు రౌటర్లు నేరుగా దారులు చెప్పుకునే కనెక్షన్) ఇవ్వండి అని మెయిల్ పెడితే మీ ట్రాఫిక్ మా మినిమమ్‌కి రాదు, ట్రాన్సిట్‌లో, అంటే ఇంకో కంపెనీకి డబ్బు కట్టి దాని మీదుగా, తీసుకోండి అన్నారు. వాళ్ల వీడియోల కాపీలు మా దగ్గరే ఉంచే క్యాష్ సర్వర్ అడిగినా అదే జవాబు. ఆ ట్రాన్సిట్ అమ్మేది ఎవరండీ? మా వీధుల్లోనే మాతో పోటీ పడే పెద్ద కంపెనీ! ఆ కంపెనీకి మాత్రం కంటెంట్ నెట్‌వర్క్ వాళ్లు నేరుగా ప్రైవేట్ లింక్ ఇచ్చారు. అంటే మా కస్టమర్ వీడియో చూసిన ప్రతిసారీ మేం మా పోటీదారుకే డబ్బు కట్టాలి.

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఒకావిడ ఫోన్ చేసి పిల్లాడి క్లాస్ వీడియో ఆగి ఆగి వస్తోంది అంటే నేనే కూర్చుని డేటా ఏ దారిలో వెళ్తోందో చూపించే ట్రేస్‌రూట్ కొట్టాను. ప్యాకెట్ దేశం దాటి వెళ్లి తిరిగొచ్చింది, 84 మిల్లీసెకన్లు. అదే ఎక్స్ఛేంజ్‌లో మాతో పీరింగ్ (ట్రాఫిక్ నేరుగా ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు) ఉన్న ఇంకో నెట్‌వర్క్‌కి కొడితే 1 మిల్లీసెకను. ఆవిడకి ఏం చెప్పాలో తెలీక రేపు చూస్తామండి అన్నాను. అబద్ధం చెప్పాను.

ఎవరితో పీరింగ్ చేయాలన్న పాలసీ ఎవరిది వాళ్లిష్టం, కాదనను. వందల సెషన్లు మెయింటైన్ చేయడం వాళ్లకీ పనే. కానీ ఆ పని తగ్గించడానికే కదా రూట్ సర్వర్ ఉన్నది, ఒక్క సెషన్‌తో అందరికీ రూట్లు వెళ్తాయి. 2011లో ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే ఇంటర్నెట్ సంస్థ సర్వే చేస్తే 1,42,000కి పైగా పీరింగ్ ఒప్పందాల్లో 99.5 శాతం సంతకాలు లేకుండా నోటిమాట మీద నడుస్తున్నవే. అలా ఒకరినొకరు నమ్ముకుని పెరిగిన చోట ఇప్పుడు చిన్నవాళ్లకి తలుపు మూస్తున్నారు.

ఆ కంటెంట్ నెట్‌వర్క్ వాళ్లని ఒక్కసారి పిలిచి మాట్లాడండి సార్. కనీసం ఎక్స్ఛేంజ్‌లో ఉన్నంతవరకు రూట్ సర్వర్‌లో ఉండమని అడగండి, మినిమమ్ ఎంతో, కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పమనండి. పిలిచి మాట్లాడితే చాలు, మేం కూడా వచ్చి కూర్చుంటాం.

మా పోర్ట్ రెన్యువల్ వచ్చే నెల. కట్టాలో వదిలేయాలో తేల్చుకోలేకపోతున్నాం, ఆ లోపు ఒక్క జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక చిన్న ఐఎస్‌పీ నడిపేవాడు